తడి గీత

వీరాయి పుట్టింది మధురైలో, రైలు పట్టాలకు ఆనుకుని మునిసిపాలిటీ కట్టించిన లైను ఇళ్ళలో. ఆ లైనంతా తెలుగు వాళ్ళే. ఎన్ని తరాల కిందట, ఎవరి వెంట ఇంత దూరం వచ్చారో చెప్పగల ముసలివాళ్ళు కూడా మిగల్లేదు. గడప లోపల తెలుగు, గడప దాటితే తమిళం. తెలుగు అక్షరం మాత్రం ఆ లైనులో ఒక్కరికీ రాదు. తల్లి వీధులు చిమ్మేది. తండ్రి మారియప్పన్ సినిమా పోస్టర్లు అంటించేవాడు.

ఆ పోస్టర్లకు బంక కాచే పని చిన్నప్పటి నుంచీ వీరాయిదే. మైదాపిండిని ఉండ కట్టకుండా నీళ్ళలో కలిపి, పొయ్యి మీద పెట్టి, అడుగంటకుండా తిప్పుతూనే ఉండాలి. పిండి తెలుపు పోయి గాజు రంగుకు తిరిగి, గరిటె ఎత్తితే తీగలాగా జారాలి. అప్పుడు దించి మైలుతుత్తం పొడి కాస్త చల్లేది. అది వెయ్యకపోతే బంకకు పురుగు పడుతుంది, పైగా ఆవులు వచ్చి పోస్టర్ని గోడతో సహా నాకేస్తాయి. మారియప్పన్ ఆ బకెట్టును సైకిలుకు తగిలించుకుని పోతూ, "నా బిడ్డ కాచిన బంకరా ఇది, గోడైనా ఊడాల గానీ పోస్టర్ ఊడదు" అని తోటివాళ్ళతో గొప్ప చెప్పుకునేవాడు.

ఆరో తరగతితో బడి ఆగింది. కీళమాసి వీధి వెనక సందులో నోటు పుస్తకాలు కుట్టే కొట్లో పనికి చేరింది. అక్కడా బంకే. అట్టలకు గుడ్డ అంటించడం, వీపు మీద కాగితం పట్టీ వెయ్యడం. పెళ్ళయింది. మొగుడు పాండియన్ మాట్టుతావణి కూరగాయల మార్కెట్లో మూటలు దించేవాడు, మంచివాడు, మాట తక్కువ. దర్శిని అని ఒక్కతే కూతురు. ఆ కొట్లోనే వీరాయి జీవితం అట్లా గడిచిపోయేదే. కానీ ఒకరోజు చారులత ఆ కొట్టు మెట్లెక్కింది.

చారులతది కోయంబత్తూరు. చినిగిన పాత కాగితాలనూ బొమ్మలనూ బాగుచేసే చదువు ఢిల్లీలో చదువుకుని వచ్చి, మధురైలో ఒక పాత మేడ పైభాగం అద్దెకు తీసుకుని పనిశాల పెట్టింది. గుళ్ళ నుంచి, చర్చీల నుంచి, పాత కుటుంబాల నుంచి పటాలూ మ్యాపులూ బొమ్మలూ వచ్చేవి. ఆమెకు బంకంటే విసుగు పడని మనిషి కావాలి. కొట్టు యజమాని ఇంకో ఆలోచన లేకుండా వీరాయి వైపు వేలు చూపించాడు.

పనిశాలలో మొదటి రోజు చారులత ఒక చిన్న గిన్నె పొయ్యి మీద పెట్టి, "మీకు తెలిసినట్టు కాచండి" అని తమిళంలో చెప్పింది. కొత్త చోటు, కొత్త మనిషి, వీరాయికి చెయ్యి తడబడింది. గిన్నె అంచు వేలికి తగిలి చురుక్కుమంది.

"అయ్యో యమ్మా, కాలె!"

చారులత చప్పున తలెత్తింది. "మీరు తెలుగా?"

"అవును మేడం. మీరు?"

"మేమూనే. ఇంట్లో అదే మాట్లాడేది."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వుకున్నారు. ఇద్దరి తెలుగూ ఒకటి కాదు. చారులతది పొలాలూ మిల్లులూ ఉన్న నాయుళ్ళ ఇంటి తెలుగు. వీరాయిది లైను తెలుగు. ఒక్క మాట వినగానే ఎవరు ఏ వైపు నుంచి వచ్చారో ఇద్దరికీ తెలిసిపోయింది. చారులత ఆ సంగతి అడగలేదు. చన్నీళ్ళ గిన్నె తెచ్చి, వీరాయి చెయ్యి పట్టుకుని తానే అందులో ముంచింది.

తర్వాత చారులత తన బంక కాచి చూపించింది. గోధుమపిండిలోని జిగటంతా కడిగేసి మిగిలిన తెల్లటి సారంతో కాచింది. చల్లారాక జల్లెడలో మళ్ళీ మళ్ళీ రుద్ది, నీళ్ళు కలిపింది.

వీరాయి వేలితో తాకి చూసి మొహం చిట్లించింది. "ఇదేమి మేడం ఇంత నీరసంగా ఉండాది? ఈగ కాలికి కూడా అంటదే."

"అంటుతుంది. రేపు ఎవరైనా ఈ కాగితాన్ని పట్టి లాగితే, ముందు ఏది ఊడాల? బంకనా, కాగితమా?"

"బంక" అంది వీరాయి.

"అంతే. బంక బలం కాగితం బలానికి మించితే, లాగినప్పుడు కాగితమే చినుగుతుంది. మనం వేసే మాసికను ఎప్పుడైనా ఎవరైనా కొంచెం తడి పెట్టి విప్పగలగాల. పాత బొమ్మకు ఏ హానీ కలగకూడదు."

"మా నాయన విని ఉంటే నాకు దెబ్బలే. ఊడొచ్చే బంక కాస్తావా అని."

అట్లా మొదలైంది. మొదట్లో వీరాయి వేసిన మాసికలు అప్పడాల్లా పొంగి ముడతలు పడేవి. చారులత కసిరేది కాదు. తడిపి, విప్పి, మళ్ళీ వెయ్యమనేది. జపాన్ కాగితం అని ఒకటి ఉంటుంది. పొరలాగా పలచన, పీచు పొడుగు. చిరుగు వెనకవైపు వేసే మాసిక దానితోనే. దాన్ని కత్తెరతో కత్తిరిస్తే అంచు గీత గీసినట్టు ఉండి ఎదుటివైపు కనిపిస్తుంది. అందుకని తడి కుంచెతో గీత గీసి, ఆ గీత వెంబడి మెల్లగా చింపాలి. అప్పుడు అంచున పీచులు నూగులాగా బయటికొచ్చి, పాత కాగితంతో కలిసిపోతాయి. ఈ చింపడం వీరాయికి అన్నిటికన్నా కష్టమయింది. ఏళ్ళ తరబడి నోటు పుస్తకాలను తిన్నగా కత్తిరించిన చెయ్యి అది. ఆ తిన్నదనం మానుకోవడానికి చాలా రోజులు పట్టింది.

దగ్గర దగ్గర ఇరవై ఏళ్ళు గడిచాయి. దర్శిని నర్సు చదివి ఉద్యోగంలో చేరింది. పనిశాలలో ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు చేరారు, వాళ్ళకు పని చూపించేది వీరాయే. చారులత వాళ్ళమ్మ సౌందరం చనిపోయాక, తండ్రిని చూసుకోవడానికి కోయంబత్తూరు వెళ్ళిపోయి, నెలకొకసారి వచ్చి పోతూ ఉండేది. ఒక మధ్యాహ్నం ఫోన్ చేసింది.

"అక్కా, ఇక్కడికి వచ్చేదానికి అవుతుందా? కొన్నాళ్ళు ఉండేట్టు?"

గొంతు బాగాలేదని వీరాయికి తెలిసింది. "ఏమి మేడం, నాయన బాగుండాడా?"

"అమ్మ వేసిన డిజైన్లు ఉండాయే, రేకు పెట్టెలో. అన్నీ చించి పెట్టినాడు. నేను బయటికి పోయి వచ్చేలోపల. కోపంతో కాదక్కా. కోపమైతే నేనూ కోప్పడి ఉందును. నేను వచ్చినప్పుడు నా మొహం చూసి, పని అయిపోయింది అన్నట్టు నవ్వినాడు."

మర్నాడు పొద్దున్నే వీరాయి ఆరపాళ్యం బస్టాండులో బస్సెక్కింది. దిండిగల్ దాటి, పళని దాటి, కొండలు ఒక పక్కకు తప్పుకుని కొబ్బరి తోటలు మొదలయ్యేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. సంచిలో రెండు చీరలు, తన కుంచెలు, ఎముకతో చేసిన రుద్దుడు బద్ద. అంతే తెచ్చుకుంది.

కోయంబత్తూరు పీళమేడులో ఆ ఇల్లు పెద్దదే. ఆమె చేరినప్పుడు చారులత మందులకు బయటికి పోయి ఉంది. హాల్లో చెక్క ఊయల మీద చారులత తండ్రి రంగసామి కూర్చుని ఉన్నాడు. ఎనభై దాటిన మనిషి. మరుపు జబ్బు ముదిరింది. మొదట ఇంగ్లీషు పోయింది, తర్వాత తమిళం పోయింది, చివరికి పుట్టినింటి తెలుగు ఒక్కటే మిగిలింది. ఆయన్ను చూసుకునే నర్సమ్మకు తెలుగు ముక్క రాదు.

"దప్పి... దప్పి అవుతా ఉండాది" అంటున్నాడు ఆయన.

నర్సమ్మ పాపం వంగి వంగి, టీవీ పెట్టాలా, ఫ్యాన్ ఆపాలా అని తమిళంలో అడుగుతోంది. ఆయన తల అడ్డంగా ఊపి మళ్ళీ అదే మాట అంటున్నాడు.

"నీళ్ళు అడుగుతా ఉండాడమ్మా" అని తమిళంలో చెప్పింది వీరాయి గుమ్మం దగ్గర నుంచే.

నర్సమ్మ అప్పుడే ఉడుకుతున్న గంజి పొంగుతుందని వంటింట్లోకి పరుగెత్తి, అక్కడి నుంచి నీళ్ళ లోటా తెచ్చి వీరాయి చేతికే ఇచ్చేసి, మళ్ళీ లోపలికి పోయింది. వీరాయి ఆ లోటా పట్టుకుని కాసేపు అట్లాగే నిలబడింది. ఇట్లాంటి ఇళ్ళల్లో తన అమ్మమ్మ దోసిలి పట్టుకుని నిలబడితే పైనుంచి నీళ్ళు పోసేవాళ్ళట. ఆ మాట చిన్నప్పుడు విన్నది, ఇప్పుడు ఎక్కడి నుంచో గుర్తొచ్చింది. ముసలాయన చెయ్యి చాచాడు. వీరాయి దగ్గరకు పోయి, లోటా ఆయన పెదాలకు ఆనించి, ఇంకో చెయ్యి గడ్డం కింద పెట్టి తాగించింది.

ఆయన గుటగుటా తాగి, ఊపిరి తీసుకుని, ఆమె మొహంలోకి చూశాడు. "అక్కా! ఎప్పుడొస్తివి?"

ఏ అక్కను తలుచుకున్నాడో. "ఇప్పుడే వస్తిని" అంది వీరాయి.

సాయంత్రం చారులత ఒక గోతాం తెచ్చి హాల్లో గుమ్మరించింది. సౌందరం చదువుకోలేదు, బొమ్మలు వెయ్యడం ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. రంగసామి నెగమం ఊరి నేతవాళ్ళ చేత చీరలు నేయించి అమ్మే రోజుల్లో, ఆమె మధ్యాహ్నం అన్నాలయ్యాక గళ్ళ కాగితం ముందేసుకుని చీర అంచులకు డిజైన్లు వేసేదట. మల్లెమొగ్గల వరస, మామిడి పిందెలు, గోపురాలు, చిలక వెనక చిలక. ఆ చీరలన్నీ ఎవరెవరి ఒంటి మీదనో చిరిగి ఎప్పుడో మసిగుడ్డలయి ఉంటాయి. ఈ కాగితాలే మిగిలాయి. ఇప్పుడు అవీ పట్టీలు పట్టీలుగా చినిగి, చిలకల తలలొక చోట, తోకలొక చోట పడి ఉన్నాయి.

వీరాయి ఒక పట్టీ తీసి వెలుగుకు పెట్టి చూసింది. "చక్కగా చించినాడు మేడం. గుంజి పెరకలేదు. అంచు అంచుతో కూర్చుంటుంది."

చారులత ఆ రోజు మొదటిసారి నవ్వింది, కళ్ళు తుడుచుకుంటూ.

ముందు జత కూర్చే పని. రోజుల తరబడి ఇద్దరూ నేల మీద కూర్చుని, రంగుకు రంగు, గడికి గడి చూసి కూర్చారు. అసలు చిక్కు రంగులతో. సౌందరం వాడినవి తడి తగిలితే పారే రంగులు. మామూలుగా బంక రాసి అద్దితే ఎర్ర పిందె పక్కనున్న పచ్చ ఆకులోకి కారిపోతుంది. ఏం చెయ్యాలో చారులత ఆలోచించి చెప్పింది. బంక చిక్కగా ఉంచి, జపాన్ కాగితానికి పలచగా పూసి, అది ఆరీ ఆరకుండా ఉన్న ఘడియలో చిరుగు వెనక వెయ్యాలి. వేసి, బద్దతో మెల్లగా రుద్ది, అద్దుడు కాగితం పెట్టి, పైన బరువు ఉంచాలి. ముందు వేస్తే రంగు కారుతుంది, ఆలస్యమైతే అంటదు. వీరాయి తన ముంజేతి మీద అద్ది చూసుకుని ఆ ఘడియ కనిపెట్టేది.

మొట్టమొదట అతికింది మల్లెమొగ్గల అంచు. బరువు తీసి చూసుకుని ఇద్దరూ మురిసిపోయి, దాన్ని బల్ల మీద ఉంచి భోజనానికి లేచారు. తిరిగి వచ్చేసరికి రంగసామి బల్ల దగ్గర నిలబడి ఉన్నాడు. చేతిలో ఆ డిజైను రెండు ముక్కలుగా ఉంది.

"నాయనా!" చారులత కేకకు ఆయన అదిరిపడ్డాడు. ముక్కలు జారిపోయాయి. ఏం తప్పు చేశాడో తెలియక, కొట్టబోతారని చూసే పిల్లవాడిలాగా రెండు చేతులూ వెనక్కి దాచుకున్నాడు. చారులత గోడకు ఆనుకుని ఏడ్చేసింది. తల్లి పోయినప్పుడు కూడా ఆమె అంతగా ఏడవలేదని నర్సమ్మ తర్వాత చెప్పింది.

వీరాయి ముక్కలు ఏరి, తిప్పి, కళ్ళజోడు సర్ది చూసింది.

"మేడం, ఇటు రా. ఒకసారి చూడు."

"వేండాం, వద్దక్కా. నాకు చూసేదానికి అవదు."

"చూడు తల్లీ. బంకే విడిపోయింది. కాగితం ఎక్కడా కొత్తగా చినగలేదు. మల్లెమొగ్గ ఒక్కటి కూడా చెడలేదు." ఆమె ముక్కలు రెండూ బల్ల మీద ఆనించింది, అవి మళ్ళీ సరిగ్గా కూర్చున్నాయి. "నీవే నేర్పితివి గదా, ఇట్లా ఊడాలనే గదా కాచింది."

చారులత వచ్చి చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత తండ్రి దగ్గరకు పోయి, వెనక దాచుకున్న ఆయన చేతులు రెండూ ముందుకు తీసి తన చేతుల్లో పెట్టుకుంది. "ఏమీ లేదు నాయనా. ఏమీ కాలేదు. నేనే ఊరికే అరిస్తిని."

ఆ మర్నాటి నుంచి వీరాయి ఆయన్ను తన పక్కనే కూర్చోబెట్టుకుంది. దూరంగా ఉంటే ఎప్పుడొచ్చి ఏం తీస్తాడో అని మొదట భయంతోనే కూర్చోబెట్టింది. పాత పేపర్లు చేతికిచ్చేది. ఆయన వాటిని చింపుతూ, ఆమె చేతుల్నే చూస్తూ ఉండేవాడు.

ఒకరోజు ఆమె జపాన్ కాగితం మీద తడి కుంచెతో గీత గీసింది. సరిగ్గా అప్పుడే ఫోన్ మోగింది. దర్శిని. ఇటు తిరిగి రెండు మాటలు మాట్లాడి, మళ్ళీ తిరిగి చూసేసరికి కాగితం ఆయన చేతుల్లో ఉంది. అది చాలా ఖరీదైన కాగితం. వీరాయి నోటి దాకా వచ్చిన కేకను మింగేసింది. అరిస్తే మొన్నటిలాగా అదిరిపడతాడని గుర్తొచ్చింది.

ఆయన తొందరపడలేదు. రెండు చేతుల బొటనవేళ్ళూ గీతకు అటూ ఇటూ ఆనించి, కొంచెం కొంచెంగా ఎడం చేస్తూ పోయాడు. గీత వెంబడి కాగితం విడిపోయింది. పీచులు ఒక్కొక్కటే జారుతూ, పసిబిడ్డ నుదుటి మీద నూగులాగా అంచు పొడుగునా లేచాయి. కుర్రవాడుగా ఉన్నప్పుడు ఆయన మిల్లులో తెగిన పోగులు అతికే పని చేశాడని చారులత ఎప్పుడో చెప్పింది. ఆ వేళ్ళకు పీచు తెలుసు. మిగిలినదంతా మరిచిపోయిన మనిషికి అది మాత్రం పోలేదు.

పట్టీ చివరికంటా విడదీసి, ఆమె వైపు చాచాడు. "ఇది సరిపోతుందా అక్కా?"

వీరాయి ఆ పట్టీని రెండు అరచేతుల మీదా అందుకుంది. "సరిపోతుంది నాయనా. ఇంతకంటే బాగా ఎవరికీ రాదు."

ఆ పట్టీనే బంక పూసి, ఆయన చూస్తుండగా, చిలక మెడ వెనక వేసింది. ఎదుటివైపు తిప్పి చూపిస్తే ఆయన చిలకను వేలితో తాకబోయి ఆగి, తల ఊపాడు. తర్వాత ఇంకొకటి కావాలన్నట్టు చెయ్యి చాచాడు.

ఆ రోజు నుంచి గీత గియ్యడం ఆమె పని, చింపడం ఆయన పని. పేపర్లు చింపడం దానంతట అదే తగ్గిపోయింది. పొద్దున స్నానం చేయించగానే నర్సమ్మ చెయ్యి విడిపించుకుని బల్ల దగ్గరకు వచ్చేవాడు. వచ్చి, "లేటయింది" అనేవాడు. చారులత ఇంకో పక్క కూర్చుని పట్టీలు అతికేది. ముగ్గురూ పెద్దగా మాట్లాడుకునేవాళ్ళు కాదు. ఒకోసారి ఆయన ఏదో పాత ముచ్చట మొదలుపెట్టి, మధ్యలో వదిలేసేవాడు. సౌందరం పేరు మాత్రం ఒక్కసారి అన్నాడు. గోపురాల అంచు అతుకుతున్నప్పుడు, "సౌందరం చూస్తే తిడుతుంది, రంగు ముట్టుకోవద్దు" అని వీరాయిని హెచ్చరించాడు. చారులత ఆ పూట పని చెయ్యలేకపోయింది. లేచి పోయి తోటలో కూర్చుంది.

రంగసామి చెల్లెలు తిరుమలమ్మాళ్ తొండాముత్తూరు పక్కన తోటలో ఉండేది. అన్నను చూడటానికి ఒకనాడు వచ్చింది. మంచి మనిషే, కానీ పాతకాలపు మనిషి. వీరాయి రెండు మాటలు మాట్లాడిందో లేదో, ఆమె కనుబొమలు ముడిపడ్డాయి.

"ఏ ఊరు నీది?"

"మధురై అమ్మా."

"మధురైలో ఎవరి మనుషులు?"

వీరాయి చేతిలోని కుంచె గిన్నె అంచున పెట్టింది. "మా యమ్మ వీధి చిమ్మే పని చేసె. మా నాయన పోస్టర్లు అంటించె. రైలు లైను పక్కన ఉండే తెలుగు వాళ్ళం."

తిరుమలమ్మాళ్ చేతిలోని కాఫీ కింద పెట్టేసి, చారులతతో తమిళంలోకి మారిపోయి, ఇంట్లో ఇంకెవరూ దొరకలేదా, అన్న పక్కన ఆనించి కూర్చోబెట్టావేమి అని మెల్లగా అంది. వీరాయికి తమిళం రాదనుకుందో, వచ్చినా పరవాలేదనుకుందో. చారులత మొహం ఎర్రబడింది. "అత్తా, ఆమె నాకు అక్క" అంటూ గట్టిగా ఏదో అనబోతుంటే, రంగసామి పట్టీ ఒకటి చింపి వీరాయి వైపు చాచి, "అక్కా, చూడు" అన్నాడు.

"అన్నా!" తిరుమలమ్మాళ్ లేచి దగ్గరకు వచ్చింది. "నేను అన్నా, తిరుమలను. నీ చెల్లెల్ని. నన్ను తెలియలేదా?"

ఆయన ఆమె వైపు మర్యాదగా చూశాడు, ఎవరో చుట్టం వచ్చినట్టు. "రాండి, కూకోండి. మాకు కొంచెం పని ఉండాది."

ఆ పెద్దావిడ మొహం ఒక్కసారిగా వాడిపోయింది. దగ్గరున్న కుర్చీలో కూలబడి, చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇప్పుడే తనను చిన్న చేసిన మనిషి ఆమె. అది మరిచిపోయానని వీరాయి ఎప్పుడూ చెప్పలేదు. కానీ అన్న ఎదుట పరాయిదై కూర్చున్న ఆ ముసలితనం చూస్తుంటే, చెయ్యి ఊరుకోలేదు. ఒక కాగితం మీద తడి గీత గీసి, తీసుకుపోయి ఆమె ఒళ్ళో పెట్టింది.

"మీరు ఇయ్యండమ్మా. మీ చేత్తో ఇస్తే తీసుకుంటాడు."

తిరుమలమ్మాళ్ ఆ కాగితాన్ని చూసింది. తర్వాత లేచి, రెండు చేతులా పట్టుకుని అన్నకు అందించింది. ఆయన తీసుకుని, శ్రద్ధగా చింపి, పైకెత్తి చూసుకుని, "బాగుండాది పాపా" అన్నాడు. పాప అని ఆయన చిన్నప్పుడు చెల్లెల్ని పిలిచేవాడట. నర్సమ్మను కూడా అట్లాగే పిలిచేవాడు, పాలుపోసే అమ్మాయినీ అట్లాగే. ఈ సంగతి తిరుమలమ్మాళ్‌కు ఎవరూ చెప్పలేదు.

ఆ తర్వాత ఆమె తరచుగా వచ్చేది. వచ్చి, వీరాయి గీత గీసిచ్చిన కాగితాలు అన్నకు అందిస్తూ కూర్చునేది. తోటలో కాసిన బొప్పాయి తెచ్చి, "ఇది నీకు" అని బల్ల చివర పెట్టి పోయేది. అంతకు మించి ఆమె దగ్గర కాలేదు, వీరాయి కూడా కోరుకోలేదు.

వానలు వచ్చి పోయాయి. వాన రోజుల్లో బంక తొందరగా ఆరదు, పని నెమ్మదించింది. అయినా ఒకటొకటిగా డిజైన్లన్నీ నిలబడ్డాయి. కొన్ని ముక్కలు ఎంత వెతికినా దొరకలేదు. కాలవలో పడ్డాయో, ఆయన నమిలి మింగాడో. ఒక మామిడి పిందె పూర్తిగా లేదు. వీరాయి ఆ ఖాళీలో కాగితం రంగుకు సరిపడే పొర వేసి వదిలేసింది.

"అదే ఎరుపు నా దగ్గర ఉండాది. వేసేదానికి రెండు నిమిషాలు చాలు" అంది చారులత, అంటూనే తనే తల ఊపుకుంది. "వద్దులే. అమ్మ వెయ్యని పిందె నేను వెయ్యకూడదు."

పండగ ముందు వీరాయి మధురై బయలుదేరింది. పాండియన్ ఒక్కడే వండుకుని తింటూ ఎన్నాళ్ళు ఉంటాడు. వెళ్ళే పొద్దున రంగసామి ఎప్పటిలాగే బల్ల దగ్గరకు వచ్చాడు. ఆమె చాలా కాగితాల మీద గీతలు గీసి ఇచ్చింది, అవి ఆరేలోగా ఎన్ని చింపగలిగితే అన్ని అని. ఆయన తల ఎత్తకుండా పనిలో ఉన్నాడు. పోతానని చెప్తే ఏమవుతుందో తెలియక, ఆయన భుజం మీద చెయ్యి పెట్టి ఒక నిమిషం నిలబడి, చెప్పులేసుకుని బయటికి వచ్చేసింది. చారులత బస్టాండు దాకా వచ్చింది. బస్సు కదిలేదాకా కిటికీలోంచి వీరాయి చెయ్యి వదల్లేదు.

ఆ తర్వాత గీతలు గీసే పని చారులతే చేసింది. ఆయన చింపుతూనే ఉండేవాడు. అతకడానికి ఆ ఇంట్లో చినిగినవేమీ మిగల్లేదు. అందుకని చారులత ఆ పట్టీలను అట్టల మధ్య పెట్టి మధురైకి పార్శిల్ చేసేది. పనిశాలలో వీరాయి వాటిని వాడేది. ఒక చర్చిలోని పాత పటం వెనక, బోడినాయకనూరు ఏలక్కాయల వ్యాపారి ఒకాయన తాత బొమ్మ వెనక, చెదలు తిన్న కాలేజీ మ్యాపుల వెనక, ఎవరెవరి కాగితాలకో ఆ పట్టీలు మాసికలయ్యాయి. ఆయన చేతులు బలహీనపడుతున్న కొద్దీ పట్టీలు సన్నబడ్డాయి. అంచున నూగు మాత్రం చెడలేదు.

ఏడాది దాటాక ఒక పొద్దున ఆయన నిద్రలోనే పోయాడు. వీరాయి, పాండియన్ ఇద్దరూ వెళ్ళారు. ఇంటి ముందు షామియానా కింద జనం. ఎక్కడ నిలబడాలో తెలియక వీరాయి గేటు దగ్గరే ఆగింది. లోపల ఆడవాళ్ళ మధ్య కూర్చున్న తిరుమలమ్మాళ్ ఆమెను చూసి, పక్కనున్న మనవరాలిని కొంచెం జరగమని, చాప మీద చోటు చూపించింది.

"రామ్మా, ఇక్కడ కూర్చో. నిన్ను అక్కా అనే గదా పిలిచె మా అన్న."

వీరాయి పోయి కూర్చుంది. అప్పటిదాకా రాని ఏడుపు అప్పుడు వచ్చింది.

మధురైకి తిరిగొచ్చాక పనిశాలలో జెనిఫర్ అని ఒక కొత్త అమ్మాయి చేరింది. లైను ఇళ్ళ పిల్లే, చర్చికి పోయే వాళ్ళమ్మాయి. ఒకనాడు అట్టల మధ్య నుంచి ఒక పట్టీ తీసి, దీపం వెలుగులో తిప్పి చూసింది.

"అక్కా, ఇంత బాగా ఎవరు చించినారు? నాకు ఎట్లా చించినా అంచు మొద్దుగా వస్తా ఉండాది."

"కోయంబత్తూర్లో ఒక పెద్దాయన. మన తెలుగు ఆయనే." వీరాయి కుంచె నీళ్ళలో ముంచి, విదిలించి, ఆ పిల్ల చేతికిచ్చింది. "తొందరపడకుండా చించె. నీవూ తొందరపడవద్దు. రా, గీత గియ్యి."